గుత్తికి అయిదు పురుగులు

లక్ష్మీరాజం నోరు విప్పి మాట్లాడే రోజులు ఏడాదికి తొమ్మిదే. మిగతా రోజులు మామిడి చెట్లతో మాట్లాడేవాడని ఊళ్ళో అంటారు గానీ అది అబద్ధం. అంత పిచ్చి అతనికి లేదు. ఊరికే ఉండేవాడు, అంతే.

సిరిసిల్లలో సాంచాలు నడిపి బట్ట నేసిన మనిషి. ఆ మరమగ్గాల చప్పుడుకు చెవులు సగం పోయాయి. భార్య కూడా పోయాక, ఎనభై నాలుగులో జగిత్యాల పక్కన మధుసూదన్‌రావు దొర తోటకు కావలిగా వచ్చాడు. ఊరు అక్కడికి రెండు కోసుల దూరం.

పూత కాలంలో మూడుసార్లు, సారికి మూడు రోజులు, మందు కొట్టే జట్టు వచ్చేది. హనుమండ్లు పంపు కొట్టేవాడు, అతని తమ్ముడు పైపు పట్టేవాడు, యాదవ్వ నీళ్ళు మోసి మందు కలిపేది. పగటి అన్నంలోకి లక్ష్మీరాజం పచ్చిపులుసు చేసేవాడు. "రాజమన్నా, ఉప్పు బస్తా గిట్ల తెగి పడ్డదా పులుసుల?" అని యాదవ్వ ప్రతిసారీ అనేది. అంటూనే రెండోసారి పోయించుకునేది. ఆ మాట వినడానికే అతను ఇంకో చిటికెడు ఎక్కువ వేసేవాడు.

ఒక ఏడు వ్యవసాయ ఆఫీసరొకాయన వచ్చి, తేనెమంచు పురుగుకు తేదీలు చూసి మందు కొట్టడం దండుగ అన్నాడు. తెల్లవారే చలికి పురుగు చురుగ్గా ఎగరదు. అప్పుడు పూగుత్తి కింద తెల్లబట్ట పట్టి, దులిపి లెక్కపెట్టాలి. గుత్తికి అయిదు దాటితేనే మందు, అదీ ఆ చెట్లకే.

"పోగులు లెక్కవెట్టిన కండ్లు నీవి. నువ్వు ఎంతంటే అంత" అన్నాడు దొర.

మొదటిసారి ఎనిమిది, తొమ్మిది పడ్డాయి. జట్టు వచ్చింది. మూడో రోజు మందు విషం ఎక్కి యాదవ్వకు చేతులు వణికి, నోట్లోంచి చొంగ కారింది. చెట్టు కింద పడుకోబెట్టి, పొద్దుగూకేదాకా లక్ష్మీరాజం విసురుతూ కూర్చున్నాడు. లేచాక ఆమె, "ఏం గాలే అన్నా. రెండోపారి గూడ వస్త" అంది.

పదిహేను రోజులకు మళ్ళీ బట్ట పట్టాడు. మూడు. ఇంకో చెట్టుకు రెండు. ఇంకోదానికి నాలుగు. తోటంతా తిరిగాడు, ఎక్కడా అయిదు లేవు. జీవితంలో మొదటిసారి పురుగు కోసం దేవుడికి మొక్కాలనిపించింది. ఆరని చెబితే ఎవరు చూడొచ్చారు? మూడు రోజులు మనుషులు వస్తారు. యాదవ్వకు కూలి దొరుకుతుంది. మళ్ళీ ఆ చేతులు మందులో మునుగుతాయి.

దొర వచ్చి అడిగాడు. "జట్టుకు చెప్పాల్నా, రాజం?"

లక్ష్మీరాజం బట్టను నాలుగు మడతలు పెట్టాడు. "వద్దు దొరా. మూడు, నాలుగే ఉన్నయి."

"శబాష్. నువ్వు గిట్ల చూస్తుంటే వాళ్ళతోని ఇంక పనే వడది."

కాపు బాగానే నిలిచింది. మూడోసారి కూడా లెక్క అయిదు దాటలేదు, జట్టు రాలేదు. వాళ్ళు రావలసిన రోజున లక్ష్మీరాజం పచ్చిపులుసు చేసుకున్నాడు. చెయ్యి అలవాటున ఆ చిటికెడు ఉప్పు ఎక్కువే వేసింది. ఒక గుక్క తాగి గిన్నె పక్కన పెట్టాడు. ఉప్పు ఎక్కువైందని అతనికి తెలుస్తూనే ఉంది. ఆ మాట ఇంకొకరు అంటే బాగుండుననిపించింది.