తెరల తాతగారు మూసిన కన్ను

పొద్దున్న ఏడు దాటాక గుడివాడలో బందరు రైలెక్కాను. పెడన అద్దకం చీరలకు బొమ్మలు గీయడం నా బతుకుతెరువు, చిత్రకారుల జీవిత చరిత్రలు చదవడం నా పిచ్చి. ఎవరో చల్లన్నం తిని గీసేవారని చదివి నెల్లాళ్ళు చల్లన్నమే తిన్నాను! దివిసీమలో నాటకాల తెరల మీద బొమ్మలు రాసిన ఒక పెద్దాయన గురించి చదివాక మాత్రం, ఆయనలాగే ఎడమకన్ను మూసుకుని గీస్తున్నాను. ఆయన పనితనం రహస్యం అదేనని పుస్తకంలో ఉంది. నిజంగానే నా గీత బాగుపడింది. కానీ ఈమధ్య ఆ కన్ను తెరిచినా మసకే. ఎడమ అంచు పలచబడుతోందని మా షావుకారు నమూనాలు తిప్పి పంపాడు. కన్ను పోతే నాకు కూడు లేదు. ఆయన ఇప్పుడు లేరు, అప్పట్లో ఎలా నెట్టుకొచ్చారో వాళ్ళింట్లోనే అడుగుదామని బయల్దేరాను.

బందరు బస్టాండు దగ్గర ఇడ్లీ తిని అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి దాకా నిలబడే ప్రయాణం. పక్కావిడ "ఎవరింటికండీ?" అంటే చెప్పాను.

"తెరల తాతగారింటికా? ఎవరో ఒకరు వస్తానే ఉంటారండీ. అందరూ మీలాగే ఓ కన్ను మూసుకుంటారేంటో!"

నేను కన్ను మూసుకున్నట్టు నాకే తెలీదు.

అవనిగడ్డ నుంచి షేర్ ఆటోలో అరగంట. మధ్యాహ్నం దాటితే తిరుగు ఆటోలు దొరకవు, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఎండకు ఊరంతా తలుపులు వేసి ఉంది. తాతగారి కూతురు, అరవై దాటినావిడ, నా పేరైనా అడగలేదు.

"మూసుకోవడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది తల్లీ?" అంది.

పై గదిలో గోడ పొడుగునా ఆయన చివరి తెర, రాజదర్బారు. కుడివైపు మీసాల్లో వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. ఎడమవైపు ఉత్త గుడ్డ. గాలి ఆడని ఆ గదిలో ఖాళీ వైపు మాత్రం మెల్లగా కదులుతోంది.

"పూర్తి చెయ్యలేదాండీ?"

"నిండా రాశాననే అనుకున్నారమ్మా. నాన్నగారికి ఆ కన్ను ఎప్పుడో పోయింది. తెలిస్తే నాటకాలవాళ్ళు పనివ్వరని, కావాలనే మూసుకున్నట్టు నటించేవారు. పుస్తకం రాసినాయన అదేదో విద్య అనుకున్నాడు. చివర్లో ఆ పక్కన లోకమే లేనట్టుండేవారు. పిలిచినా అటు తిరిగేవారు కాదు."

పిచ్చిమొహాన్ని! ఆయన సాధన వదిలేసి ఆయన జబ్బు నేర్చుకున్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ మజ్జిగ చేతికిచ్చి, "ఇంక రెండు కళ్ళూ తెరిచే గీయమ్మా" అని పంపించింది.

సాయంత్రం బందరులో గుడివాడ బండి దొరికింది. పెట్టెలో పెద్దగా జనం లేరు. ఎదురుగా ఎండుచేపల గంపతో ఒకావిడ కూర్చుంది. రెండు కళ్ళూ బాగా తెరిచి ఆమెను గీశాను. పెడన దాటేసరికి బొమ్మ అంచుల దాకా నిండింది. హమ్మయ్య, ప్రాణం కుదుటపడింది.

ఆమె కాగితం అందుకుని మురిసిపోయింది. "అచ్చం నేనే! మరి మా తోటికోడల్ని గీయలేదేంటమ్మా?"

"ఏ తోటికోడలు?"

"అదేంటి, బందర్నించి నా పక్కనే కూర్చుందిగా!"

తల పూర్తిగా ఎడమకు తిప్పాను. ఎదుటి బల్ల మీదే, కిటికీ దగ్గర పసుపు చీరలో ఒకావిడ నన్నే చూస్తోంది. ఆమె మోకాలు నా మోకాలికి ఆనుకుని ఉంది.