బ్రోనెక్ గారికి వెయ్యి దండాలు

లూసిల్ గ్రబోవ్‌స్కీని విసిగించినవాళ్ళెవరంటే అమెరికాలోని మిల్వాకీ ఊరి దక్షిణ పేటలో గిటారు పట్టిన ప్రతివాడి పేరూ చెప్పాలి. పగలు బేకరీలో పని. తక్కిన పొద్దంతా అమ్మవాళ్ళింటి సెల్లార్‌లో 'బూజు రికార్డ్స్' అనే చిన్న రికార్డు కంపెనీ నడిపేది. పంక్ బ్యాండ్లకు పెద్ద కంపెనీల గడప తొక్కడం నామోషీ. రికార్డులు వేయించడం, వాటి తొడుగు అట్టలు మడవడం, అన్నీ మన చేతులతోనే కావాలి. చేతులంటే లూసిల్ చేతులే. అట్టలు మడుస్తామని వచ్చిన కుర్రాళ్ళు అమ్మ చేసిన పియెరోగీ కుడుములు మెక్కి, వాదించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తీరా మడత పూర్తయ్యేసరికి బ్యాండే విడిపోయేది. మొదటి మూడు రికార్డులకూ అదే గతి పట్టింది.

నాలుగోది 'పన్నుపోటు' బ్యాండుది. వాళ్ళింకా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, అదే అద్భుతం. శనివారం మధ్యాహ్నం విడుదల కచేరీ. బార్లలో ఇరవై ఒకటి నిండనివాళ్ళను రానివ్వరు; ఈ పాటలు వినేవాళ్ళేమో పదహారేళ్ళవాళ్ళు. వాళ్ళకు తలుపు తీసేది ఒక్క పోలిష్ మాజీ సైనికుల హాలే. దాన్ని చూసుకునే బ్రోనెక్ గారు హాలు కమిటీతో పోట్లాడి మరీ ఇప్పించాడు. గోడ మీద ఇంకొక్క గీత కనిపిస్తే మళ్ళీ ఇచ్చేది లేదని కమిటీ తేల్చేసింది. వెనకటి కచేరీల్లో పిల్లలు గీసిన గీతలు పోయేలా లూసిల్ వారమంతా నడుం విరిగేలా తెల్లరంగు వేసింది.

కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. ఎవడూ ఏదీ విరగ్గొట్టలేదు. ఆమె స్పీకర్లు వ్యానులో పెట్టి తిరిగొచ్చేసరికి గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నల్లటి అక్షరాలు: బ్రోనెక్ గారికి వెయ్యి దండాలు. పాటగాడు డెర్క్ రంగు డబ్బా పట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు.

"బుద్ధుందిరా నీకు?"

"తిట్టలేదుగా! ఇన్నాళ్ళలో ఆయనకి ఒక్కడన్నా థ్యాంక్స్ చెప్పాడా?"

"నోటితో చెప్పి చావొచ్చుగా!"

"నోటితో చెప్తే ఎవరికి గుర్తుంటుంది?"

వాడితో మాట్లాడటం దండగని ఆమె మిగిలిన తెల్లరంగు తెచ్చింది. ఈలోగా బ్రోనెక్ గారు వంటగదిలోంచి వచ్చి, గోడంతా చదివి, కుర్చీ లాక్కొచ్చి సరిగ్గా తన పేరు కింద కూర్చున్నాడు.

"లేవండి బ్రోనెక్ గారూ. రేపు కమిటీవాళ్ళు చూస్తే కొంప మునుగుతుంది."

"ఈ హాలు ఊడుస్తూ ముసలాణ్ణయ్యాను. సైనికుల పేర్లు చెక్కిన ఆ ఇత్తడి పలకల మీద ఊడ్చేవాడి పేరెక్కడన్నా ఉందా అమ్మాయ్? లేవను."

"పేరు చూసుకుని మీరు మురిసిపోతే ఈ పిల్లలెక్కడికి పోవాలి?"

లూసిల్ బతిమాలింది, తిట్టింది, చివరికి అందరి ముందూ ఏడ్చేసింది. ఆయన రాత్రంతా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆదివారం చర్చిలో పూజ ముగించుకొచ్చిన కమిటీ గోడ చూసింది. అంతటితో హాలు చేజారింది, బ్రోనెక్ గారి ఉద్యోగమూ పోయింది.

తర్వాతి కచేరీ లూసిల్ వాళ్ళ సెల్లార్‌లోనే. ఊపిరాడని ఇరుకు, సగంమంది పిల్లలు బయటే ఉండిపోయారు. పిలవకుండానే బ్రోనెక్ గారొచ్చి మెట్ల మీద కూర్చున్న లూసిల్ పక్కన నిలబడ్డాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఎందుకొచ్చారు? ఆ గోడకి ఈపాటికి సున్నం కొట్టేసే ఉంటారు. ఏం మిగిలింది మీకు?"

"కొట్టేశారు. తాళాలు ఇచ్చేముందు నాచేతే వేయించారు," అన్నాడాయన. "ఒక పూతకి నా పేరు పోలేదమ్మా. రెండోది కూడా వేయాల్సొచ్చింది."

లూసిల్‌కు కోపం తగ్గలేదు. అయినా మెట్టు మీద పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.