తలుపు మీద రెండు దెబ్బలు

ఆయన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరొకటి జీతాల కాగితం మీద ఉంది కానీ, దాంతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. ముప్పై ఏళ్ళలో ముందు బండిని దాటడానికి ఒక్కసారి కూడా హారన్ కొట్టని మనిషికి అంతకన్నా తగిన పేరేముంటుంది? వయసులో చిన్నవాళ్ళు నిదానం బాబాయ్ అంటారు. ఈడువాళ్ళు ఒట్టి నిదానం అంటారు. భార్య మాత్రం ఏ పేరూ పెట్టకుండా 'ఏమండీ' అని ఊరుకుంటుంది. తిట్టయినా మెచ్చుకోలయినా ఆ ఒక్క మాటలోనే సర్దేస్తుంది.

సరుకు రవాణా కంపెనీలో ఆయన లారీ డ్రైవరు. నీలం రంగు లారీ. పందొమ్మిదేళ్ళుగా అదే లారీ, అదే దారి. తెల్లవారుజామున యార్డు దాటి, పొలాలు దాటి, కొండ మలుపు దిగితే సరిగ్గా గంటకి ఎడమచేతి వైపు సముద్రం కనిపిస్తుంది. ఆ వేళకి నీళ్ళ మీద మంచు ఇంకా విడదు. ఎక్కడ నీళ్ళు అయిపోయాయో, ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియదు. అక్కడ నిదానానికి తాను బండి నడుపుతున్నట్టే ఉండదు. "నేను ఊరికే కూర్చుంటానే, దారే వచ్చి చక్రాల కింద పడుకుంటుంది" అని ఒకసారి భార్యతో చెప్పాడు. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా, "ఇలాంటి కబుర్లు ఆఫీసులో చెప్పకండి, తాళాలు లాగేసుకుంటారు" అంది.

మనిషి పొట్టి. సీటు మీద మడతపెట్టిన దుప్పటి వేసుకుంటే తప్ప ఆ సముద్రం కూడా సరిగ్గా కనిపించదు. ఆ దుప్పటి మడత విప్పి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు.

కంపెనీ యజమానిని పెద్దాయన అనేవారు. ఎప్పుడో కంపెనీ కొత్తలో ఒక లారీ వెనక తలుపు గడియ వేయకుండానే వెళ్ళిపోయి, దారి పొడవునా పింగాణీ గిన్నెలు పరుచుకుంటూ పోయిందట. ఆ మర్నాటి నుంచి పెద్దాయన తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడేవాడు. ప్రతి లారీ చుట్టూ ఒకసారి తిరిగి, గడియలు లాగి చూసి, తాళ్ళు గుంజి చూసి, చివరికి డ్రైవరు తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. ఆ చప్పుడు వినబడితేనే బండి కదిలేది. వానొచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ రెండు దెబ్బలూ మానలేదు. కూతురి పెళ్ళి రోజున కూడా కొత్త బట్టల్లోనే వచ్చి కొట్టి వెళ్ళాడు. నీలం లారీ తలుపు మీద ఆ దెబ్బలకి అరచెయ్యంత మేర రంగు అరిగిపోయి లోపలి ఇనుము తేలింది. అన్నేళ్ళలో ఈ సంగతి గురించి ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. ఊపిరి గురించి ఎవరు మాట్లాడుకుంటారు గనక?

అలాంటి పెద్దాయన మోకాళ్ళు అరిగిపోయి కంపెనీని అమ్మేశాడు. కొన్నవాళ్ళు ఒక మేడమ్‌ని పంపారు. ఆవిడ అంతకుముందు బిస్కెట్ల కంపెనీలో పనిచేసిందని గుమస్తా చెప్పాడు. ఆ గుమస్తా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఆవిడ పేరు బిస్కెట్ మేడమ్ అయిపోయింది. ఆవిడ నెల రోజుల్లో యార్డు నిండా పసుపు గీతలు గీయించింది. డ్రైవరు ఆవలిస్తే కూత పెట్టే యంత్రాలు లారీల్లో బిగించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని కొందరు నవ్వుకున్నారు. ఉప్పు బస్తాలు తోలే డ్రైవరుని అందరూ ఉప్పాయన అంటారు. ఆవలింతకి కూస్తే సరే గానీ, అస్తమానూ ఇలా అక్షింతలు వేస్తుంటే తనకి లారీలో కూడా ఒక పెళ్ళాం ఉన్నట్టేనని అతను వాపోయాడు. అయితే మరుగుదొడ్లు బాగుచేయించిందన్న మాట మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అదే చిక్కు. చెడ్డ మనిషైతే హాయిగా తిట్టుకోవచ్చు.

అప్పగింతలు ముగిసిన శనివారం దాకా పెద్దాయన గేటు దగ్గరికి రావడం మానలేదు. ఆ రోజే ఒక కాగితం అంటించారు. యాభై ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి దూరపు బళ్ళు ఇవ్వరట, బీమావాళ్ళు ఒప్పుకోరట. యాభై ఎనిమిది దాటినవాడు కంపెనీ మొత్తానికి ఒక్కడే. సోమవారం నుంచి నిదానం గేటు పక్కన కుర్చీలో కూర్చుని యార్డు చూసుకోవాలి. నీలం లారీ పొడుగాయనకి ఇస్తారు.

పొడుగాయన పదిహేనేళ్ళుగా కంపెనీలో ఉన్నవాడు, మాట తక్కువ మనిషి. శనివారం సాయంత్రం తలొంచుకుని వచ్చి నిలబడ్డాడు. "నాకొద్దని చెప్పేస్తాను బాబాయ్. ఊఁ అను, సోమవారం ఒక్క బండీ కదలదు" అన్నాడు.

"మీ పొట్టలు కొట్టి నేను సముద్రం చూడాలా? నోరు మూసుకుని తాళాలు తీసుకో" అన్నాడు నిదానం.

అన్నాడే గానీ, దుప్పటి చంకలో పెట్టుకుని ఇంటికి నడుస్తున్నంతసేపూ, తన మాట వినకుండా వాళ్ళు బళ్ళు ఆపేస్తే బాగుండునని మనసు కొట్టుకుంటూనే ఉంది. ఆ లారీ లేకపోతే తెల్లవారి లేచి ఏం చేయాలో ఆయనకి నిజంగా తెలియదు. భార్య దుప్పటి చూసింది. తీసుకుని, మడత విప్పకుండానే బీరువాలో పెట్టింది.

ఆదివారం నిద్రలో నీలం లారీ సముద్రం మీద పోతోంది. చక్రాలు తడవడం లేదు. నడిపేవాళ్ళు ఎవరూ లేరు. నిదానమూ పెద్దాయనా పక్క సీట్లో ఇరుక్కుని కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగుతున్నారు. మెలకువ వచ్చేసరికి ఆయన కుడి కాలు మంచం చెక్కని బ్రేకులా తొక్కుతోంది.

సోమవారం యార్డు నిండా మంచు. పదకొండు లారీలు గేటు ముందు వరసగా నిలబడ్డాయి. ఇంజన్లు నడుస్తున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి, గేటు బార్లా తీసి ఉంది. ఒక్క బండీ కదలడం లేదు.

నిదానం కుర్చీలో కూర్చుని చూశాడు. ఐదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. పావుగంట అయ్యేసరికి ఆయన గుండెలో ఏదో పొంగింది. వద్దన్నా వినలేదు వెధవలు. తన కోసం ఆపేశారు. వరస చివర నీలం లారీ మంచులో సగం కరిగినట్టు కనిపిస్తోంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఎవరినీ ఏమీ అడగని మనిషికి ఇంత దక్కుతుందా అని కళ్ళు చెమర్చాయి. ఎవరైనా చూస్తారేమోనని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఇంతలో గుమస్తా పరుగున వచ్చి మేడమ్ పైకి రమ్మంటోందన్నాడు.

పద్దెనిమిది మెట్లెక్కితే ఆఫీసు గది. పెద్దాయన కుర్చీ అదే. బల్ల మీద మాత్రం ఒక బిస్కెట్ల డబ్బా కొత్తగా వచ్చింది. అందులో గుండుసూదులున్నాయి. మేడమ్ కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తోంది. నలభై ఏళ్ళుంటాయేమో, రాత్రి సరిగ్గా నిద్రపోయినట్టు లేదు.

"మీ కోసమే ఆపారని గుమస్తా అంటున్నాడు. అప్పగింతలయ్యాక నాకిది మొదటి రోజండీ. ఇవాళ సరుకు చేరకపోతే నన్నే ఇంటికి పంపేస్తారు. నిజం చెప్పండి. మీరు మీ బండి ఎక్కితేనే వాళ్ళు కదులుతారంటే ఎక్కండి. ఇవాళ ఒక్కరోజుకి కాదు, మీకు ఓపిక ఉన్నన్నాళ్ళూ. బీమావాళ్ళతో ఎలాగోలా నేను మాట్లాడుకుంటాను. రాసిస్తాను కూడా" అంది.

అవునంటే అయిపోయేది. ఇంకొకరైతే అవుననేవారే. కానీ పేరు ఊరికే పెట్టలేదు కదా. "ఒక్కసారి వాళ్ళని అడిగి వస్తానమ్మా" అన్నాడు నిదానం.

మొదటి లారీలో ఉప్పాయన స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఎందుకు ఆగారని అడిగితే, అదేం ప్రశ్నన్నట్టు చూశాడు.

"ఇంకా తలుపు మీద కొట్టలేదు కదా బాబాయ్" అన్నాడు.

ఆ మాట అన్నాక అతనూ ఒక్క క్షణం బిత్తరపోయాడు. కొట్టే మనిషి ఇక రాడన్న సంగతి అతనికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. రెండో లారీ అతన్ని అడిగితే ముందువాడు కదల్లేదు గనక అన్నాడు. మూడో అతనూ అంతే. నాలుగో అతను ఏకంగా కునుకు తీస్తున్నాడు. వరస చివరిదాకా వెళ్ళాలనిపించలేదు నిదానానికి. ముప్పై ఏళ్ళు ఆ దెబ్బలకి బండి తీసినవాడు, అవి పడలేదని తనకి ఎందుకు తోచలేదు? తన కోసమే ఆగారనుకుని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నవ్వు కూడా వచ్చింది.

మళ్ళీ పద్దెనిమిది మెట్లు. ఈసారి ఒక్కో మెట్టు మీదా ఆగాడు. పైన కాగితం రాయడానికి ఒక మనిషి సిద్ధంగా ఉంది. అవునని ఒక్క మాటంటే సముద్రం తనది. వీళ్ళెవరూ కాదనరు, పైగా సంతోషిస్తారు. తొమ్మిదో మెట్టు మీద మంచులోంచి ఉప్పు వాసన వచ్చినట్టయింది. సముద్రం అక్కడికి గంట దూరం. పదమూడో మెట్టు మీద, ఎందుకో, పెద్దాయన గడియ లాగి చూసే చప్పుడు గుర్తొచ్చింది. గడియ పడకపోయినా పడిందని ఆయన ఒక్కసారైనా కొట్టి ఉంటే, ఇన్నేళ్ళు వెనక్కి చూడకుండా బండి నడిపి ఉండేవాడా తను?

"నా కోసం కాదమ్మా" అన్నాడు గదిలోకి వెళ్ళి. "మీ కోసం ఆగారు."

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. పింగాణీ గిన్నెల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. "ఆ రెండు దెబ్బలు పడితే, వెనకంతా నేను చూశాను, ఇక నువ్వు ముందు చూసుకుంటే చాలని లెక్క. అది లేకుండా వీళ్ళు పోలేరు. ఎందుకు పోలేకపోతున్నారో పాపం వాళ్ళకీ తెలియదు."

ఆవిడ చెప్పులు వదిలేసి, బల్ల కింద ఉన్న బూట్లు తొడుక్కుంది.

ఉప్పాయన లారీ దగ్గరికి వెళ్ళి నేరుగా తలుపు మీద కొట్టబోతే నిదానం ఆపాడు. ముందు చుట్టూ తిరగాలన్నాడు. తిరిగింది. గడియ ఎలా లాగాలో, తాడు ఎక్కడ గుంజాలో చూపించాడు. తర్వాత ఆవిడ వేళ్ళతో తట్టింది. గది తలుపు తట్టినట్టుంది. ఉప్పాయనకి వినబడలేదు. అరచెయ్యి మొత్తం చాపి కొట్టాలని నిదానం చెప్పాడు. రెండోసారికి చప్పుడు వచ్చింది, లారీ కదిలింది. ఆవిడ ముఖంలో చిన్నపిల్ల సంతోషం. ఏడో లారీకి గడియ మేకు పడకుండా వేలాడుతోంది. ఆవిడ తనే దాన్ని దిగ్గొట్టి, నిదానం వైపు ఒకసారి చూసింది.

చివరికి నీలం లారీ మిగిలింది. ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి, రంగు అరిగిన చోట రెండు దెబ్బలు గట్టిగా వేసింది. బండి కదల్లేదు. మళ్ళీ కొట్టింది. పొడుగాయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. అతనొక్కడు అలవాటు కొద్దీ ఆగినవాడు కాదు.

మేడమ్ ఎర్రబడిన తన చేతిని చూసుకుంది. తర్వాత నిదానాన్ని చూసి పక్కకి జరిగింది. "ఇది నా చేతికి కదిలేలా లేదండి" అంది.

నిదానం లారీ చుట్టూ తిరిగాడు. పందొమ్మిదేళ్ళు లోపల కూర్చున్నాడే గానీ ఇంత తీరిగ్గా ఎప్పుడూ చుట్టూ తిరగలేదు. గడియ లాగి చూశాడు. తాళ్ళు గుంజి చూశాడు. అరిగిన ఇనుము మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. ఆ అచ్చు ఆయన చేతికన్నా పెద్దది.

ఒక దెబ్బ కొట్టాడు.

రెండోది కొట్టడానికి చెయ్యి లేవలేదు. అది పడనంతసేపూ బండి ఇక్కడే ఉంటుంది. పొడుగాయన తొందరపెట్టలేదు. ఇంజను చప్పుడు తలుపులోంచి అరచేతిలోకి, అక్కడి నుంచి మోచేతిదాకా పాకింది. చాలాసేపటికి పైన డ్రైవరు సీట్లోంచి మెల్లగా వినిపించింది.

"బాబాయ్, మంచు విడిపోతోంది."

రెండో దెబ్బ పడింది. లారీ గేటు దాటి మంచులోకి వెళ్ళిపోయింది. మేడమ్ రేపు తను ఎన్నింటికి రావాలో అడిగింది. చెప్పాడు. ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

నిదానం కుర్చీలో కూర్చున్నాడు. ఎండ వచ్చింది. పసుపు గీతలు మెరిశాయి. సరిగ్గా గంటకి, ఎవరూ చెప్పకుండానే, ఆయన తల ఎడమవైపుకి తిరిగింది. అటువైపు యార్డు గోడ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.