ఏ స్లేటర్లమ్మా మీరు?

స్కాట్లండ్ రేవు ఊరు పోర్ట్‌గారీలో బస్సు దిగినవాళ్లంతా ఆ ఊరి పేరుమోసిన రచయిత పుట్టిన ఇల్లు చూసి, ఆయన బొమ్మున్న టీ కప్పు కొనుక్కుని, చివరికి చర్చి గేటు దగ్గర మేజీ స్లేటర్ చేతికి చిక్కుతారు. మేజీకి డెబ్బై ఒకటి. నలభై ఏళ్లు రేవులో చేపలు కోసి, ఇప్పుడు శ్మశానం తాళంచెవి మెడలో వేసుకు తిరుగుతోంది. స్కాట్లండ్ వదిలిపోయిన తాతముత్తాతల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు సమాధులు చూపించడం ఆమె పని. జీతం లేదు. రోజూ కొత్త మనుషులతో కబుర్లు దొరుకుతాయి, ఆమెకు అది చాలు.

ఆ రోజు గేటు పక్క బెంచీ మీద ఎప్పటిలాగే పక్కింటి విలీ ఉన్నాడు.

"అదిగో, రచయితగారి మేనకోడల్నంటూ ఇంకొకామె దిగింది" అన్నాడు.

"నోర్ముయ్ విలీ, వినపడుతుంది."

వచ్చినామె పేరు వెర్నా. అరవై ఏళ్లుంటాయి. న్యూజీలాండ్ నుంచి వచ్చింది. ఒక చేతిలో లావుపాటి ఫైలు, రెండో చేతిలో కప్పు.

"మా తాత జేమ్స్ స్లేటర్ పంతొమ్మిదో ఏట ఇక్కడి నుంచే ఓడెక్కాడు" అంది. "మా అమ్మకు తొంభై రెండు. వాళ్ల నాన్న దాటి వచ్చిన గుమ్మం ఒక్కసారి చూపించవే అని ప్రాణం తీస్తోంది. అక్కడ అర్ధరాత్రి పడుకోకుండా ఫోను దగ్గర కూర్చుంది. నా బస్సు పన్నెండింటికి."

ఫైలులో డబ్బిచ్చి రాయించుకున్న వంశవృక్షం ఉంది. దాని ప్రకారం జేమ్స్ రచయితకు పినతండ్రి కొడుకు. మేజీ దాన్ని చూడటానికి కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

"ఇక్కడ పదకొండు మంది జేమ్స్ స్లేటర్లు పడుకుని ఉన్నారమ్మా. ఊరంతా స్లేటర్లమే. ఇంతకీ మీరు ఏ స్లేటర్లు? మారుపేరేమిటి?"

"మారుపేరా?"

పేర్లన్నీ ఒకటే కావడంతో, ఈ రేవులో ప్రతి ఇంటికీ మరో పేరుంటుంది. పోస్టుమాన్ ఆ పేరు చూసే ఉత్తరమిస్తాడు. ఊరు దాటినవాళ్లు ముందుగా వదిలేసేది దాన్నే. వెర్నాకు అలాంటిదేదీ తెలియదు. ముఖం వాడిపోయింది.

"పోనీ, ఆయన వెంట తీసుకెళ్లిన సామానేమైనా మిగిలిందా?"

"ఒక పెట్టె ఉంది." ఫోనులో దాని ఫొటో చూపించింది. నీలం చెక్కపెట్టె మూత మీద తెల్లరంగుతో 'జేమ్స్ స్లేటర్', దాని కింద 'డోజీ' అని రాసి ఉంది. "అది పడవ పేరనుకుని రెండేళ్లు ఓడల జాబితాలన్నీ తిరగేశాను."

మేజీ గేటు పట్టుకుని పగలబడి నవ్వింది.

"ఒరేయ్ విలీ, లే! నీ మనిషే!"

డోజీ పడవ పేరు కాదు, విలీ ఇంటి మారుపేరు; ఊళ్లో మిగిలిన చివరి డోజీ అతనే. ఓడెక్కిపోయిన జేమ్స్ అతని తాతకు తమ్ముడు. విలీ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"అయితే రచయితకూ మాకూ చుట్టరికం లేదా?" అంది వెర్నా.

"చుట్టరికమా! మా ముత్తాతను తన పుస్తకంలో చేపల దొంగను చేశాడమ్మా ఆయన" అన్నాడు విలీ. " మా వాళ్లెవరూ ఇప్పటికీ ఆ ఇంటి గడప తొక్కలేదు."

జేమ్స్ వదిలి వెళ్లిన ఇంట్లోనే విలీ ఉంటున్నాడు; ముగ్గురూ ఆ సందులోకి దిగారు. తలుపు మీది పచ్చరంగు పెచ్చులూడుతోంది. వెర్నా అమ్మకు వీడియో కాల్ చేసి ఫోను తలుపుకెదురుగా పట్టుకుంది. అవతల ముసలమ్మ చాలాసేపు చూసింది.

"మెట్టు అరిగిపోయిందే" అంది చివరికి. "మా నాన్న చెప్పాడు, ఎడంపక్క అరిగిందని. ఆ పక్కనున్న ముసలాడెవరు? అచ్చం మా నాన్న చెవులు!"

"నేనే అత్తా, విలీని" అన్నాడతను ఫోనుకు మరీ దగ్గరగా వచ్చి.

"మరి తలుపుకి రంగు వేయించవేమిరా?"

మేజీ గోడకు చేరబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పన్నెండింటి బస్సు వీళ్లెవరూ చూడకుండానే వెళ్లిపోయింది. విలీ వాళ్లను లోపలికి పిలిచి టీ పెట్టాడు. వెర్నా రచయిత బొమ్మున్న తన కొత్త కప్పు ముందుకు జరిపితే తల అడ్డంగా ఊపాడు.

"దాంట్లో పోయను" అని, అలమరలోంచి తన తాత కప్పు దింపి కడిగాడు.