తీసెయ్యని ఒక్క లైను

మా అప్ప, అంటే మా అక్క, గొంతు విజయనగరంలో నాలుగు వీధులకి తెలుసు. చిన్నప్పటి నుంచీ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మింది. వీధి మొదట్లో "సేపలమ్మో, కానాగంతలు" అని ఒక్క కేక వేస్తే చివరింటి పిల్లులు కూడా లేచి కూర్చునేవి. ఆ గంపతోనే నన్ను కంప్యూటర్ డిప్లొమా చదివించింది. బడిలో ఉండగా ఆ కేక వినబడితే నేను తలొంచుకుని పుస్తకంలో దూరిపోయేదాన్ని. సిగ్గు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఆమె గొంతులో కేన్సరు అని తేలింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. ఆపరేషనుకి విశాఖ వెళ్లడానికి వారం గడువుంది. గొంతు అప్పటికే కొంచెం బొంగురుపోయింది గానీ కేకలో పదును పోలేదు. దాన్ని రికార్డు చేసి దాచాలనుకున్నాను. ఫోన్లో తీసేస్తే సరిపోయేది. కానీ నేను కాలేజీ ల్యాబు అసిస్టెంటుని కదా, నాకు ఫోను ఆనలేదు. ల్యాబులోంచి మంచి యూఎస్‌బీ మైకు అడిగి తెచ్చాను.

ఇంట్లో ఉన్నది ఆ ల్యాబు వాళ్లు పాతదైందని నాకిచ్చేసిన కంప్యూటరు. అందులో లినక్సు. దాని కెర్నల్‌కి, అంటే లోపలి గుండెకాయకి, ఒక్కో పరికరంతో పని చేయించడానికి ఒక్కో మాడ్యూలు, అంటే ఒక్కో చిన్న ప్రోగ్రాము కావాలి. కంప్యూటరు లేచేటప్పుడు ఏ మాడ్యూలు ఎక్కకూడదో ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. పిల్లలు ల్యాబులో హెడ్‌ఫోన్లు గుచ్చి పాటలు వింటున్నారని పైవాళ్లు చెబితే, యూఎస్‌బీ శబ్దాల మాడ్యూలు పేరు ఆ ఫైల్లో రాసింది నేనే. మైకు గుచ్చితే పలకలేదు. సంగతి వెంటనే అర్థమైంది. ఒక కమాండు కొట్టి మాడ్యూల్ని చేత్తో ఎక్కించాను. పలికింది. అలా ఎక్కించింది కంప్యూటరు ఆగేదాకానే ఉంటుంది. ఫైల్లో ఆ ఒక్క లైను తీసేస్తే ఎప్పటికీ బెంగుండదు. రేపు తీద్దాంలే అనుకున్నాను. ల్యాబులో నలభై కంప్యూటర్లు సరిచేసేదాన్ని, ఇంట్లో ఒక్క లైను తియ్యలేకపోయాను. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే.

ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే అప్పని కూర్చోబెట్టి ఖాళీ గంప చేతికిచ్చాను.

"ఒసే, కాళీ గంపెట్టుకుని కేకేత్తారేటే ఎవరైనా? అచ్చిరాదు. సేపలట్టుకురా," అంది.

మార్కెట్‌కి పరిగెత్తాను. చేపలమ్మే మనిషి కోసం నేను చేపలు కొనుక్కొచ్చాను. ఆ మధ్యలో కరెంటు పోయి వచ్చింది. నేనొచ్చేసరికి కంప్యూటరు తనంతట తానే మళ్లీ లేచి ఉంది. ఇంకా స్నానం చేయలేదని అప్ప తొందరపెడుతోంది. రికార్డింగు బొత్తాం నొక్కాను. ఎర్ర చుక్క వెలిగింది, తెర మీద గీత కదిలింది. ఇంకేం చూడలేదు.

"నువ్వవతలకి పో. నువ్వు సూత్తంటే నాకు నవ్వొస్తాది," అంది అప్ప.

తలుపు వేసుకుని వసారాలో నిలబడ్డాను. లోపల్నుంచి కేక లేచింది. ఎదురింటి పిన్ని గిన్నె పట్టుకుని బయటికొచ్చేసింది.

"ఏటున్నాయే ఈయేల? మీ అప్పొచ్చిందా?"

అప్ప తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చి ఆమె గిన్నెలో చేపలు వేసింది. ఇంకోసారి వెయ్యవే అప్పా అన్నాను.

"అమ్మేసిన గంపకి మళ్లీ కేకేటే? అడుక్కున్నట్టుంటాది."

రికార్డు అయిందో లేదో ఆ రోజు వినలేదు. మనిషికి గొంతు ఉండగానే దాన్ని డబ్బాలోంచి వినడం నాకు మనసొప్పలేదు.

ఆపరేషనైన నెలకి అప్పని ఇంటికి తెచ్చాం. మెడలో ఊపిరికి చిన్న రంధ్రం, దాని మీద గుడ్డ. ఒకరోజు చేత్తో చెవి చూపించి, కంప్యూటరు చూపించింది. నా కేక వినిపించు అని. పెట్టాను. గుయ్యిమని ఒకటే మోత. నాలుగు నిమిషాలూ అదే. కరెంటు పోయినప్పుడు చేత్తో ఎక్కించిన మాడ్యూలు కూడా పోయింది. మైకు అక్కడే, అప్ప ముందే ఉంది, కానీ కంప్యూటరు లెక్కలో అది లేదు. తన వెనక ఏ తీగా గుచ్చని మామూలు మైకు రంధ్రంలోని రొదని రికార్డు చేసి పెట్టింది.

అప్ప చివరిదాకా విన్నది. ఎక్కడో ఒకచోట వస్తుందనుకుంది కాబోలు. నేను ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పాను. నా తప్పే అప్పా, ఒక్క లైను తియ్యలేదు అన్నాను. అక్కడికక్కడే ఫైలు తెరిచి ఆ లైను తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. కంప్యూటరు ఆపి మళ్లీ లేపితే మైకు తనంతట తనే పలికింది.

అప్ప నన్ను తిట్టలేదు. తిట్టడానికి ఏముంది ఆమె దగ్గర. లేచి వెళ్లి గంప తెచ్చింది. వంటింట్లో కూరకి తెచ్చిన చేపలు అందులో పోసింది. తెచ్చి నా నెత్తిన పెట్టి, మైకు ముందు నిలబెట్టి, కానీ అన్నట్టు గడ్డం ఎగరేసింది.

ముప్ఫయ్యేళ్లు విన్న కేక. "సేపలమ్మో" అన్నాను. అప్ప తల అడ్డంగా ఊపింది. వేలు పైకెత్తింది, ఇంకా పైకని. మళ్లీ అన్నాను. కాదంది. ఎలాగో చూపించాలని నోరు తెరిచింది. మెడ మీది గుడ్డ ఒకసారి కదిలింది, అంతే.

గొంతు చించుకుని మూడోసారి కేక వేశాను. ఎదురింటి తలుపు తీసే ఉంది. పిన్ని బయటికి రాలేదు.