కళ్లం నేర్పిన వాలు

ఆ కబురు మొదట నా చెవిన వేసింది గెస్ట్‌హౌస్ వంటతాత. పప్పు గరిటె చేత్తో పట్టుకునే మా క్వార్టర్ గుమ్మం దాకా వచ్చేశాడు.

"ఒలే గుంటా, నువ్వు గోల్ఫు ఆడతావంట గదే! ఎప్పుడు నేర్సినావు?"

నేను చాటలో బియ్యం ఏరుకుంటున్నాను. "పొద్దున్నే పరాచికాలేటి తాతా?"

"పరాసికం నాది కాదు, మీ నానది. పెద్దింజినీరు బాబు ముందర సెప్పీసినాడు. టీ పోత్తూ నా సెవులారా ఇన్నాను."

మాది కొండల మీద ఒక జలవిద్యుత్ కాలనీ. అరకు సంతకు వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. మా నాన్న గెస్ట్‌హౌస్ మాలి. చాలా ఏళ్ల కిందట పనిచేసిన ఒక పెద్ద ఇంజనీరుకు గోల్ఫు సరదా ఉండేదట. గెస్ట్‌హౌస్ వెనక చాప పరిచినట్టు గడ్డి పెంచి, మధ్యలో ఒక గుంట తవ్వించి, సాయంత్రాలు బంతిని అందులోకి మెల్లగా తోసుకునేవాడట. దాన్ని అందరూ గ్రీన్ అనేవారు. ఆ గడ్డిని చూసుకోవడానికి వేసిన పోస్టే మా నాన్నది. ఆయన బదిలీ అయ్యాక ఆడేవాళ్లు లేరు. గడ్డి మాత్రం ఉంది, మాలి ఉన్నాడు, ఆయన వదిలిపోయిన పట్టర్ ఒకటి, బంతులు రెండు, బొమ్మల పుస్తకం ఒకటి గెస్ట్‌హౌస్ బీరువాలో ఉన్నాయి. పట్టర్ అంటే ఆ బంతిని తోసే ఇనుప కర్ర.

కొత్తగా వచ్చిన పెద్ద ఇంజనీరు ఆ పూట గడ్డిని చూసి, "ఎవరూ ఆడనప్పుడు ఇదెందుకు? ఇక్కడ జీపులకు షెడ్డు వేద్దాం" అన్నారట. షెడ్డు పడితే మాలి పోస్టు ఉండదు, పోస్టు లేకపోతే మేముండే క్వార్టరూ ఉండదు. నాన్నకు భయం వేసి, "మా అమ్మాయి ఆడుతుంది బాబూ" అనేశాడు. ఆయన నవ్వి, "అయితే క్రిస్మస్ వెళ్లాక వస్తాను, చూస్తాను" అన్నారట.

మధ్యాహ్నం నాన్న అన్నం ముందు కూర్చుని తల ఎత్తలేదు.

"నోటికొచ్చీసినాదమ్మా. దేవుడు సమించాల" అన్నాడు.

అమ్మ మజ్జిగ పోస్తూ, "దేవుడు సమిత్తాడు గానీ, ఆ బాబు సమిత్తాడా?" అంది.

నాన్న అంతకుముందు ఎప్పుడూ అబద్ధం చెప్పిన మనిషి కాదు. నాకు చిన్నప్పుడు ఉబ్బసం. మంచులో బడికి పంపితే రొప్పుతూ తిరిగొచ్చేదాన్ని. అందుకని పవర్‌హౌస్‌లో పారేసిన కాగితాల వెనక నాన్నే అక్షరాలు రాయించాడు, అమ్మ ప్రార్థన పుస్తకంతో చదివించింది. అబద్ధం ఆడకూడదని ఆయన రాసిచ్చిన వరసనే నేను వందసార్లు దిద్దుకున్నాను. ఆ రాత్రి ప్రార్థనలో నేను అడిగింది ఒక్కటే: నాన్న మాటను నేను నిజం చెయ్యగలిగేలా చూడు తండ్రీ.

చిక్కేమిటంటే నాన్న అప్పుడే గ్రీన్ మీద కొత్త గడ్డి నాటాడు. వేరు పట్టేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు. కాలనీ దిగువన ఉన్న ఊళ్లో మాకు చోళ్లు, అంటే రాగులు, ఇచ్చే ఒకామె ఉండేది. నేను అప్ప అనేదాన్ని. ఆమె కళ్లం ఆ చుట్టుపక్కల పేరుమోసింది. మట్టి తడిపి, కొట్టి, పేడతో అలికి, ఆరాక మళ్లీ అలికి, అద్దంలా తయారుచేసేది. పంట నూర్చే చోటు కాబట్టి ఆ కళ్లం మీద చెప్పులతో అడుగు పెట్టడం ఆ ఊళ్లో లేదు. నేను వెళ్లి అడిగాను.

"బంతి దొర్లించుకుంటావా? ఎంత పెద్ద బంతి?"

నాన్న బీరువాలోంచి తెచ్చిచ్చిన బంతి చూపించాను. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని నవ్వింది. "ఇది కోడిగుడ్డంతే ఉంది గదే! దొర్లించుకో. చోళ్లు పరిసీలోపు పొద్దుటేల రా. సెప్పులు అవతల ఇడు. పోయేటప్పుడు తుడిసి పో."

"మధ్యలో చిన్న గుంట తవ్వుకుంటాను అప్పా."

"కళ్లానికి బొక్క ఎడతావా? నా గింజలన్నీ దాన్లోకే పోవాలేటి?"

గుంట మాటే ఎత్తొద్దని, సున్నంతో ఒక చుక్క పెట్టుకోనిచ్చింది. అలా నా సాధన మొదలైంది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నాకు అక్షరాలు వచ్చుగానీ మాటలు తెలియవు, బొమ్మలు చూసే నేర్చుకున్నాను. మొదటి బొమ్మలో బంతికి ముందు రెండు పుల్లలు గుచ్చి ఉన్నాయి. బంతి ఆ గుమ్మం లోంచి పుల్లలకు తగలకుండా పోవాలి. నేను రెండు మట్టిబెడ్డలు పెట్టుకుని, వాటి మధ్య ఎడం రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ పోయాను. రెండో బొమ్మలో నాలుగు అడ్డగీతలున్నాయి. మొదటి బంతి మొదటి గీత దగ్గర, తరువాతిది రెండో గీత దగ్గర, అలా ఆపాలి. ఇది నన్ను ఏడిపించింది. చెయ్యి ఎంత వెనక్కి తీస్తే బంతి ఎంత దూరం పోతుందో లెక్కతో తేలదు. అమ్మ చారులో ఉప్పు వేసినట్టు చేతికి తెలియాలి. పది రోజులకు తెలిసింది.

మూడో బొమ్మలో గుంట చుట్టూ గుండ్రంగా ఎనిమిది బంతులున్నాయి. అది చూసి, ఇది ఎనిమిది మంది ఆడే ఆట కాబోలనుకున్నాను. మా కొండల్లో చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే థింసాలాగే కనిపించింది నాకు. ఒక్కదాన్ని, పైగా రెండే బంతులు, నాకెందుకని ఆ పేజీ తిప్పేశాను. రోజూ అప్ప గుమ్మం పక్కన, ఎండ తగిలే చోట నిలబడి అక్కణ్ణించే తోసేదాన్ని. డిసెంబరు వచ్చేసరికి పదిలో తొమ్మిది బంతులు సున్నపు చుక్క మీద ఆగేవి. పొంగిపోయాను. అమ్మతో చెప్పాను, వంటతాతతో చెప్పాను. తాత, "ఇంకేటి, ఇమానం ఎక్కి దేశాలు తిరిగొత్తావు" అన్నాడు.

క్రిస్మస్ ముందు వారం గడ్డి వేరు పట్టింది. నాన్న నన్ను గ్రీన్ మీదికి రానిచ్చాడు. మొదటి బంతి గుంటకు ఎడమగా పోయింది. రెండోదీ ఎడమకే. ఇరవై సార్లు తోస్తే గుంటలో పడింది ఒక్కటి. పండగ కొత్తబట్టలు కుట్టించలేదు మాకు ఆ ఏడు, అయినా అది నాకు గుర్తులేదు. కత్తెర పట్టుకుని గడ్డి అంచులు సరిచేస్తున్న నాన్న చెయ్యి మధ్యలో ఆగిపోవడమే గుర్తుంది.

మర్నాడు అప్ప దగ్గరికి పోయి, తప్పు ఎక్కడుందో చూసి చెప్పమన్నాను. ఆమె అంతవరకూ ఒక్కసారి కూడా నా ఆట పట్టించుకున్నది కాదు. చోళ్లు చెరుగుతూ రెండు బంతులు చూసింది.

"నువ్వు చుక్క మీదికి తొయ్యట్లేదు గదే. చుక్కకి ఇటుపక్కకి తోత్తన్నావు."

"నేరుగానే తోస్తున్నాను అప్పా."

"నేరుగా ఏటి? నా కళ్లం తూరుపుకి వాలు. వాన పడితే నీళ్లు నిలవకూడదని నానే పెట్టినాను. ఇన్నాళ్ల నుంచి ఒక్క సోటే నిలబడితే నీ సేతికి నా వాలు అలవాటైపోనాది. ఆ బాబు గడ్డికీ ఇదే వాలుంటాదేటి?"

ఆమె చాట కింద పెట్టి లేచి, నా రెక్క పట్టుకుని కళ్లం మీద నడిపించింది.

"కళ్లు మూసుకో. మడమ బరువా, వేళ్లు బరువా?"

"వేళ్లు."

"అయితే దిగుడు. ఇప్పుడో?"

"ఎడమ పాదం బరువు."

"అదీ. అలికీటప్పుడు నాను కంటితో సూడను, కాలితో సూత్తాను. కన్ను మోసం సేత్తాది. తిరుగు, సుట్టూ తిరుగు."

చుట్టూ తిరుగుతుంటే ఎనిమిది బంతుల బొమ్మ గుర్తొచ్చింది. అది ఎనిమిది మంది కోసం కాదు. ఒక్క మనిషి చుట్టూ తిరిగి, ప్రతి వైపు నుంచీ ఒక్కో బంతి తొయ్యాలి. ఎగువ నుంచి వస్తే మెల్లగా, దిగువ నుంచి వస్తే గట్టిగా, అడ్డం నుంచి వస్తే వాలుకు ఎగువగా. మిగిలిన రోజులు పొద్దున కళ్లం మీద, సాయంత్రం గ్రీన్ మీద అలాగే తిరిగాను. తొమ్మిది పడేవి కావు. ఐదు పడేవి, ఆరు పడేవి. ఏ బంతి ఎందుకు తప్పిందో మాత్రం తెలిసేది.

జనవరిలో పెద్ద ఇంజనీరు వచ్చారు. మంచు విడుతోంది. ఆయనతో ఇంకో ఆఫీసరు ఉన్నారు. నేను అలవాటుగా చెప్పులు విడిచి గడ్డి మీదికి అడుగు పెట్టాను.

"గుడికొచ్చావా అమ్మా?" అన్నారు ఆ ఆఫీసరు.

నేను గుంట చుట్టూ ఒకసారి నడిచాను. ఐదుసార్లు తొయ్యమన్నారు. మొదటి బంతి మంచు తడికి మందగించి గుంట ముందే ఆగిపోయింది. రెండోది పడింది. మూడోది పడింది. నాలుగోది అంచు తాకి బయటికి పోయింది. ఐదోది పడింది. వంటతాత వంటింటి కిటికీలోంచి, "అద్గదీ!" అన్నాడు.

పెద్దాయన అడిగారు: "బాగుంది. ఎన్నాళ్లుగా ఆడుతున్నావు?"

నాన్న నా వైపు చూడలేదు, నేల చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ అంటే అయిపోయేది. నాన్న మాట నిలబడేది. కానీ నిజం చెయ్యమని ప్రార్థన చేసి, ఇంకో అబద్ధంతో ఎలా ముగిస్తాను?

"రెండు నెలల నుంచండి. నాన్న మీతో చెప్పాకే మొదలుపెట్టాను."

పెద్దాయన నా చేతిలోని పట్టర్ వైపు చూశారు.

"ఎవరు నేర్పారు?"

"సగం పుస్తకమండి. సగం దిగువ ఊళ్లో కళ్లం అలికే అప్ప."

"ఆమెకు గోల్ఫు వచ్చా?"

"రాదండి. నీళ్లు ఎటు పోతాయో తెలుసండి." నేను చెయ్యి చూపించాను. "ఇక్కడ కుడికి వాలినట్టు కనిపిస్తుంది కానీ, నీళ్లు ఎడమకే పోతాయండి."

ఆయన జీవితమంతా నీళ్లతో పనిచేసిన మనిషి. వెంటనే చెంబుడు నీళ్లు తెప్పించి, గుంటకు పక్కన తనే వంగి పోశారు. నీళ్లు గడ్డి మొదళ్లలో కాసేపు తచ్చాడి, మెల్లగా ఎడమకే నడిచాయి. ఆయన చాలాసేపు వాటినే చూశారు. తరువాత నాన్న వైపు తిరిగి, "మాలీ, నువ్వు చెప్పింది అబద్ధం కాదులే. రెండు నెలలు ముందుగా చెప్పావు, అంతే" అన్నారు.

జీపుల షెడ్డు వంటింటి వెనక వేశారు. నాన్న రిటైరయ్యేదాకా, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ల వరకూ, మేము ఆ క్వార్టర్‌లోనే ఉన్నాం. ఆయన ఉన్నన్నాళ్లూ గడ్డి ఎండలేదు. దేవుడు మాకు చేసిన మేళ్లు తలుచుకునేటప్పుడు నేను ఆ చెంబుడు నీళ్లను కూడా తలుచుకుంటాను.

ఆ సాయంత్రం పరుగున పోయి అప్పతో చెప్పాను.

"బంతి బొక్కలో పడితే ఏటొత్తాది?" అంది ఆమె, చోళ్లు ఎత్తుతూ.

"నాన్న పని నిలిచింది అప్పా."

"అదైతే మంచిదే. బేగి ఈ గోనె పట్టు, మంచు దిగిపోతాంది."

గోనె పట్టాను. ఆమెకు నేను తిరిగి చేసింది అంతే అనిపిస్తుంది ఇప్పుడు. నేను పెళ్లయి దూరం వెళ్లాక, ఒక వానాకాలం ఆమె పోయిందని తెలిసింది. అప్పటికి నెల దాటిపోయింది. ఆ కళ్లం ఇప్పుడు ఎవరు అలుకుతున్నారో తెలియదు.

చదివిన మీకు ఒక్క మనవి. ఎక్కడైనా కొత్తగా అలికిన నేల కనబడితే చెప్పులు విడిచి ఒక్క అడుగు వెయ్యండి. పాదానికి ఏ కాస్త వాలు తగిలినా, దాన్ని పెట్టిన చేతుల్ని, మా అప్పను ఒక్కసారి తలుచుకోండి.