కంచె అవతలికి జరిగిన చమురు బావి

వాసుదేవరావు వాస్తు పిచ్చిలో పడి, ఇంటికొచ్చిన లక్ష్మిని పక్కింటికి తోలేశాడని ఆస్ట్రేలియాలోని టూవూంబాలో తెలుగువాళ్ళందరూ చెప్పుకుంటారు. ఆ మాట బ్రిస్బేన్ దాకా పాకింది. సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళినవాళ్ళు అక్కడ పులిహోర తింటూ కూడా ఇదే చెప్పుకున్నారట. చమురు బావి వేస్తామని కంపెనీవాడు గుమ్మంలోకొస్తే, నైరుతిలో గొయ్యి పనికిరాదని పంపేశాడనీ, ఆ భాగ్యమంతా పొరుగు దొరకి పోయిందనీ కథ. ఇందులో బావి నిజం, నైరుతి నిజం, పొరుగాయన కూడా నిజమే. వాస్తు ఒక్కటే అబద్ధం. ఆ అబద్ధం పుట్టించింది ఊళ్ళోవాళ్ళు కాదు, వాసుదేవరావే. అందుకని మొదటినుంచీ చెప్పుకోవాలి.

వాసుదేవరావుది కోనసీమ. కొబ్బరితోటల నీడలో పెరిగాడు. బాపట్లలో వ్యవసాయం చదివి, ఎనభై ఒకటిలో టూవూంబా వచ్చి, మట్టి పరీక్షలు చేసే ల్యాబులో చేరాడు. రైతులు సంచుల్లో పంపిన మట్టిని ముందు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఆ తరవాతే మిషన్లో పెట్టేవాడు. కొత్తగా వచ్చిన తెలుగు డాక్టర్లకి డ్రైవింగ్ నేర్పడం, ఇల్లు మారేవాళ్ళకి తన యూట్ ట్రక్కు ఇచ్చి తనే మంచాలు మొయ్యడం ఆయన పని. భార్య జయశ్రీది కాకినాడ. ఆస్పత్రిలో నర్సు. ఒక్కతే కూతురు అపూర్వ, బ్రిస్బేన్ యూనివర్సిటీలో చదువుతోంది.

ఆయనకి వాస్తు మీద ఏపాటి నమ్మకమో వాళ్ళ ఇల్లు చూస్తే తెలుస్తుంది. ఎదురుగా రోడ్డు వచ్చి సరిగ్గా గేటు మీద పడుతుంది. వీధిపోటని నలుగురు తెలుగువాళ్ళు చూసి వదిలేసిన ఇల్లది. వాసుదేవరావు నవ్వుకుంటూ కొన్నాడు. "ఈ రోడ్డు వేసినవాడికి నైరుతి ఎక్కడో ఈశాన్యం ఎక్కడో తెలీదండి. తెలీనివాడి దోషం మనకెందుకు తగులుతుందీ?" అనేవాడు. జయశ్రీ మొదట్లో గుమ్మానికి గుమ్మడికాయ కట్టింది. అది కుళ్ళితే ఆయనే తీసి తోటకి ఎరువు చేశాడు.

తొంభై మూడులో మూనీ అనే పల్లె వైపు ఎనభై ఎకరాలు కొన్నారు. ఒండ్రుమట్టిలో పుట్టినవాడు ఆ నల్లరేగడి చూసి మురిసిపోయి, గుప్పెడు తీసి జయశ్రీ చేతిలో పెట్టాడు. "ముద్ద చెయ్యి. చూశావా, విడిపోదు." ఒక రేకుల షెడ్డు వేసుకున్నారు. జయశ్రీ నిమ్మచెట్లు నాటింది. గోంగూర మడి వేసింది. ఆయన రిటైరవగానే ఇద్దరూ అక్కడికే వెళ్ళిపోవాలని ఒప్పందం. ఆస్పత్రి బజ్జర్లు, ఫోన్లు, నైట్ డ్యూటీలు అన్నీ అయిపోయాక ఆ నిమ్మచెట్ల కింద కుర్చీ వేసుకోవాలన్నది జయశ్రీ కోరిక. ఆ కోరిక మీదే ఆవిడ ఏళ్ళు నెట్టుకొచ్చింది.

పొరుగాయన కీత్. ఆవులు, గొర్రెలు. కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలూ ఆ ఇంట్లోనే. కంచెకి ఆనుకునే ఉంటుంది ఇల్లు. వీళ్ళు వెళ్ళినప్పుడల్లా కీత్ మాంసం కాల్చడానికి బార్బీ పొయ్యి వెలిగిస్తాడు. వాసుదేవరావు మాత్రం మంట దగ్గరికి రాడు. కుర్చీ వెనక్కి లాక్కుని దూరంగా కూర్చుంటాడు. ఆ అలవాటు తొంభై అయిదు నుంచి. ఆ జనవరిలో ఆయన ఒక్కడే అక్కని చూడ్డానికి కోనసీమ వెళ్ళాడు. అప్పుడే పాసర్లపూడిలో చమురు బావి పేలి నిప్పంటుకుంది. రెండు నెలలు పైగా ఆరలేదు. తిరిగొచ్చాక జయశ్రీ అడిగితే, "అక్కావాళ్ళని రాజోలు తీసుకెళ్ళి దింపానే. బాగానే ఉన్నారు," అన్నాడు, అంతే. కొన్నాళ్ళు పిలిస్తే సరిగ్గా వినిపించేది కాదు. చెవుల్లో ఇంకా హోరుందన్నాడు. ఆవిడ చుక్కల మందు వేసింది. అక్కడితో ఆ సంగతి మర్చిపోయింది.

తొంభై తొమ్మిదిలో కంపెనీ వాళ్ళు ఆ వైపు చమురు వెతుకుతున్నారని తెలిసింది. తెలుగువాళ్ళ ఆదివారం భోజనాల్లో ఇంక అదే మాట. బ్రిస్బేన్‌లో వైటూకే కంప్యూటర్ పని చేస్తున్న రామచంద్ర చేతిలో ప్లేటుతోనే లేచి నిలబడ్డాడు.

"అంకుల్, మీ దశ తిరిగిందండి. మా తోడల్లుడు టెక్సాస్‌లో ఉన్నాడు. వాడి బీడు కింద నూనె పడింది. గొయ్యి వాళ్ళు తవ్వుకుంటారు, చెక్కు వీడి పోస్టు డబ్బాలో పడుతుంది. జనవరి ఫస్టున ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోయినా మీ చెక్కు ఆగదండి."

"నువ్వు ఆగిపోకుండా చూస్తావనేగా వాళ్ళు నీకు జీతమిస్తోందీ?" అన్నాడు వాసుదేవరావు.

స్నేహితురాలు శ్యామసుందరి జయశ్రీ పక్కకి జరిగింది. "ఇంక నీకు నైట్ షిఫ్టులెందుకే? రిజైన్ చేసి పారెయ్."

"పడనీ వదినా. ముందు మీ ఇంటికే ఒక డబ్బా పంపిస్తాను, గారెలు వేద్దువుగాని."

అందరూ నవ్వారు. నవ్వులో నవ్వుగా ఆవిడకీ లోపల కాస్త ఆశ పుట్టింది. అబద్ధమెందుకు.

ఆ నెలలోనే కంపెనీ మనిషి గ్రెగ్ షెడ్డు దగ్గరికొచ్చాడు. మర్యాదస్తుడు. బూట్లు బయటే విప్పాడు. జయశ్రీ టీ ఇచ్చింది. పొలంలో నైరుతి మూల కంపెనీకి కావాలట. అక్కడ యంత్రం నిలబెడితే, గొట్టం మైలు లోతు దిగి, అక్కడినుంచి మోకాలిలా వంగి, రాతి పొరల మధ్య అడ్డంగా పడుకుని పోతుందట. ఆ మూలకి దగ్గర్లో ఏ ఇల్లూ లేదు. షెడ్డు కూడా దూరమే.

"మరి నూనెలో మా వాటా ఎంత?" జయశ్రీయే అడిగేసింది.

గ్రెగ్ కప్పు కింద పెట్టాడు. నేల మీదున్న గడ్డి మీది, కింద ఉన్న నూనె ప్రభుత్వానిది అన్నాడు. అమెరికాలో వేరు, ఇక్కడ మొదటినుంచీ ఇంతే. యంత్రం ఆక్రమించిన చోటుకీ, వేసిన దారికీ, తీసిన గేటుకీ, చేసిన చప్పుడుకీ పరిహారమిస్తారు. నూనె ఎంత వచ్చినా దానితో భూమి గలవాళ్ళకి సంబంధం లేదు.

"యంత్రం పక్కవాళ్ళ పొలంలో పెట్టి, గొట్టం మా కింద నుంచి తీసుకెళితే?"

"పైన మీ గేటు ముట్టుకోలేదు కదమ్మా," అన్నాడు గ్రెగ్, సంకోచిస్తూనే. "అప్పుడు మీకిచ్చేదేమీ ఉండదు."

జయశ్రీ భర్త వైపు చూసింది. ఆయన ఇవేవీ వింటున్నట్టు లేడు. కిటికీలోంచి నైరుతి మూలకేసి చూస్తున్నాడు.

"ఆ మూల కుదరదు. మా శాస్త్రం ఒప్పుకోదు. నైరుతిలో గొయ్యి తవ్వితే ఇంటి యజమానికి ప్రమాదం," అన్నాడు, ఇంగ్లీషులో, పాఠం అప్పజెప్పినట్టు.

జయశ్రీకి నవ్వొచ్చింది. ఆటపట్టిస్తున్నాడనుకుంది. ఆయన నవ్వలేదు. గ్రెగ్ పాపం ఎంతో గౌరవంగా తల ఊపాడు. కంపెనీ మతాన్ని కాదనదన్నాడు. కంచె అవతల కీత్ పొలంలో అడుగుతానన్నాడు. కాకపోతే అక్కడ కీత్ ఇల్లు దగ్గరవుతుంది, అది కీత్ ఇష్టం అన్నాడు.

గ్రెగ్ కారు దుమ్ము సద్దుమణగకముందే ఆవిడ అడిగింది. "వీధిపోటు ఇంట్లో పద్ధెనిమిదేళ్ళు కాపరం చేయించారు. ఇప్పుడు నైరుతి గుర్తొచ్చిందేంటండీ?"

"వయసొస్తే అన్నీ గుర్తొస్తాయే," అని బయటికి వెళ్ళిపోయాడు.

కీత్ వెంటనే ఒప్పుకున్నాడు. వానల్లేక గడ్డి ఎండిపోయి, మందని అమ్ముకునే దశలో ఉన్నాడాయన. పరిహారంతో ఎండుగడ్డి లారీలు దిగాయి. ఇక్కడ టూవూంబాలో కథ రెక్కలు తొడుక్కుంది. నూనె మీద హక్కు ప్రభుత్వానిదని జయశ్రీ ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. రామచంద్ర అయితే మొహం మీదే అన్నాడు. "ఆంటీ, మేమేమీ అప్పడగం లెండి. నిజం చెప్పచ్చు." కొందరు వెటకారంగా దక్షిణం మొహం ఇల్లు కొనచ్చా అని వాసుదేవరావునే వాస్తు అడగడం మొదలుపెట్టారు. ఆయన మీద ఇంతమంది నవ్వుతుంటే నోరు మెదపకపోవడం జయశ్రీకి కొత్త. బీపీ చూసింది. బాగానే ఉంది.

రెండువేల సంవత్సరం జూన్‌లో, ఇక్కడి చలికాలంలో, యంత్రం దిగింది. కీత్ ఇంటి వెనక ఇనుప గోపురంలా నిలబడింది. గొట్టం దిగింది, వంగింది, కంచె కిందనుంచి జయశ్రీ నిమ్మచెట్ల అడుగుకే వచ్చిందట. మైలు లోతున. పైన ఒక ఆకు కూడా కదల్లేదు. వాసుదేవరావు ఆదివారాలు వెళ్ళడం మానలేదు. కాని మట్టి ముట్టుకోవడం మానేశాడు. కుర్చీ వేసుకుని ఆ గోపురాన్నే చూస్తూ కూర్చునేవాడు, దానికి కాపలా ఉన్నట్టు.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం జయశ్రీ గోంగూర కోస్తోంది. విమానం నెత్తిమీద దిగుతున్నంత హోరు వచ్చింది. తలెత్తేసరికి కీత్ ఇంటి వెనక పొడుగాటి గొట్టం చివర మంట. తాటిచెట్టంత. కుర్చీ పడిన చప్పుడైంది. వాసుదేవరావు పరుగెడుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, పంచెతో, ముళ్ళకంచె మీంచి పడి లేచి, చొక్కా చీలిపోయి, తెలుగులో అరుస్తున్నాడు. "లెగండి! బయటికి రండి! ఏమీ తీసుకోకండి, వచ్చెయ్యండి!"

జయశ్రీ వెళ్ళేసరికి కీత్ చిన్న మనవరాలు ఆయన చంకలో ఉంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయన ఆ పిల్లనెత్తుకుని రోడ్డు వైపు పోతూనే ఉన్నాడు. కీత్ వెనకాల పరుగెత్తి భుజం పట్టుకున్నాడు. అది పరీక్షట. వచ్చిన గ్యాసుని కావాలనే కాల్చేస్తారట. పొద్దున్నే తనకి ఫోన్ చేసి చెప్పారట. యంత్రం దగ్గర కుర్రాళ్ళు నవ్వారు. కీత్ నవ్వలేదు. ఆయన కళ్ళు తడయ్యాయి. పిల్లని తీసుకుని, "నీలాంటి పొరుగు ఎవడికి దొరుకుతాడు, రావ్," అన్నాడు.

ఆ వారం జయశ్రీ ఆస్పత్రిలో మానేస్తున్నానని చెప్పేసింది. ఆయన రిటైర్మెంటుకి ఇంక రెండు నెలలు. సంబరంగా ఇంటికొచ్చి చెబితే, "ఆ పొలం అమ్మేద్దాం," అన్నాడు.

ఎందుకంటే చెప్పడు. అపూర్వ ఫోన్ చేసి, "డాడ్, అమ్మ హ్యాజ్ వెయిటెడ్ ఫర్ దిస్," అని కేకలేసింది. చెప్పలేదు. నిద్ర పట్టదు, అన్నం సయించదు. మనిషి సగమయ్యాడు. జయశ్రీ వార్డులో చాలామందిని చూసింది. ఒంట్లో ఉన్న జబ్బుకీ కడుపులో దాచుకున్నదానికీ తేడా ఆవిడకి తెలుసు.

ఆ తరవాత ఒక ఆదివారం బలవంతాన పొలానికి తీసుకెళ్ళింది. కీత్ అప్పటికే కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. నిమ్మరసం, మిరియాలు వేసి కాల్చిన మాంసం పళ్ళెం చేతికిచ్చి, పిల్ల ఆయన్ని రోజూ అడుగుతోందని చెప్పి వెళ్ళాడు. ఆ పళ్ళెం చూడగానే వాసుదేవరావు మొహం తిప్పుకున్నాడు. తప్పుకుని నిమ్మచెట్ల వెనక్కి పోబోతుంటే జయశ్రీ దారికి అడ్డంగా నిలబడింది. పళ్ళెం చేతిలోనే ఉంది.

"ఇది నా ఇల్లండి. పదిహేడేళ్ళు నైట్ డ్యూటీలు చేసి కట్టుకున్నాను. అమ్మమంటే అమ్ముతాను. కాని అబద్ధం మీద అమ్మను. వాస్తు అంటారేంటి నాతో? నైరుతిలో ఏం చూశారు మీరు?"

"నైరుతి కాదే," అన్నాడు. "పాసర్లపూడి. అక్కావాళ్ళని లాక్కుని పరిగెడుతుంటే వీపు మీద కాలింది. కోసు దూరాన్నుంచి. చెట్లు నిలబడే మాడిపోయాయి. అది మన మూలకి వద్దనుకున్నాను. అవతలికి పోతే చాలనుకున్నాను."

"భయపడ్డారు. భయమే కదా. దానికి పొలం అమ్మడమెందుకు? కీత్ తనిష్టంతోనే కదా ఒప్పుకున్నాడు?"

వాసుదేవరావు కంచె అవతల, గుమ్మంలో ఆడుకుంటున్న పిల్లకేసి చూశాడు.

"సంతకానికి ముందురోజు వచ్చాడే కీత్. నువ్వు డ్యూటీలో ఉన్నావు. 'మేట్, నువ్వు నేల గురించి చదువుకున్నవాడివి. ఇంటికింత దగ్గర, పిల్లలున్నారు. ఫర్వాలేదంటావా?' అని నన్నే అడిగాడు." పళ్ళెం వైపు చూడకుండా అన్నాడు. "నో వరీస్ అన్నాను."